కానుగ కొమ్మ గట్టిదేనని చెప్పినందుకు

చెట్లెక్కి కొమ్మలు కొట్టేవాడికి అబద్ధం చెప్పే అవసరం పెద్దగా రాదు. కొట్టిన కొమ్మ కింద పడి ఉంటుంది, కొట్టనిది పైన ఉంటుంది, ఎవరైనా తలెత్తి చూసుకోవచ్చు. అయినా ముప్పై ఏళ్లకు పైగా చేసిన పనిలో నేనొక పెద్ద అబద్ధం చెప్పాను. ఇప్పుడు మోకాళ్లు మొరాయించి అరుగు మీద కూర్చున్నాను కాబట్టి, కరెంటు తీగల కోసం కొమ్మలు కొట్టే కుర్రవాళ్లు వచ్చి కబుర్లు చెప్పమంటారు. వాళ్లకు నేను పడ్డ కథలు కావాలి. పడటంలో చెప్పడానికేముంది? పట్టు జారింది, పడ్డాను, కట్టు కట్టారు. మీకు పనికొచ్చేది నేను పడకుండా చేసిన తప్పు. అదే రాస్తున్నాను. మా నాయన పట్టుబట్టి నాచేత తెలుగు అక్షరాలు దిద్దించాడు. ఊరంతా తమిళం చదువుతుంటే నాకిదెందుకని అప్పుడు ఏడ్చాను గాని, ఇవాళ అక్కరకొచ్చింది.

అప్పట్లో మేం విరుదునగర్‌లో ఉండేవాళ్లం. ఊరికి ఆ పేరు వచ్చి కొన్నేళ్లే అయింది, ముసలివాళ్లు ఇంకా విరుదుపట్టి అనే అనేవారు. మిరపకాయల వ్యాపారులూ నూనె వ్యాపారులూ మిద్దెలు లేపుతున్న రోజులు. మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తే పక్కనున్న వేపచెట్టు ఆకు రాలి అందులో పడేది. వెంటనే నాకు కబురొచ్చేది. ఒక్క రెమ్మ లేకుండా గొరిగెయ్యమనేవారు. అలా గొరగకూడదు, సగం తీద్దాం అంటే, చెట్టు మాదా నీదా అని కసిరేవారు. ఎండాకాలం రాగానే అదే పెద్దమనిషి నన్ను వీధిలో ఆపి, ఇల్లు పెనంలా కాలిపోతోందని నామీదే విసుక్కునేవాడు. ఈ విషయంలో మనుషులేం మారలేదని మీరూ ఈపాటికి గ్రహించే ఉంటారు.

మా పనికి ఇద్దరుండాలి. ఒకరు పైన, ఒకరు కింద. పైవాడి దగ్గర వంకకత్తి, రంపం ఉంటాయి. కిందవాడి చేతిలో మోకు ఉంటుంది. తీయాల్సిన కొమ్మను ముందు మోకుతో కట్టి, ఆ మోకును పై పంగలోంచి కిందికి వదిలితే కిందవాడు బిగించి పట్టుకుంటాడు. పైవాడు ముందు కొమ్మకు అడుగువైపున గాటు పెట్టి, ఆ తర్వాత పైనుంచి కోస్తాడు. ఆ అడుగు గాటు మరిచిపోతే కొమ్మ బరువుకు బెరడు మానుదాకా చీలుకుపోతుంది. పెంకుటింటి మీద ఒక్క పెంకు కదలకుండా మంచమంత కొమ్మను దించడమే మా విద్య. నరకడం ఎవడైనా నరుకుతాడు.

నా కిందవాడు నాకంటే పన్నెండేళ్లు పెద్ద. ఒకప్పుడు ఆయనే పైవాడు. మోకాలు చితికాక తాను కిందికి దిగి నన్ను పైకెక్కించాడు. మా కులం కాదు గాని మా భాషే, మామా అని పిలిచేవాణ్ణి. పని జరుగుతున్నంతసేపూ మోకుతో మాట్లాడేవాడు. దాన్ని బుజ్జగించేవాడు, తిట్టేవాడు, ఎండకు బాగా అలిసిపోయావని జాలిపడేవాడు. నాతో మాత్రం అవసరమైతేనే మాట. మోకంటే ఉన్న అభిమానం మామకు నామీద లేదని మా ఆవిడ ఎగతాళి చేసేది. ఉండేదని నాకు తర్వాత తెలిసింది.

ఇక కానుగ సంగతి చెప్పాలి. మా ఇళ్లల్లో దాన్ని పుంగమాను అంటారు. మా పెద్దలు ఎప్పుడో ఉత్తరాది నుంచి ప్రాణాలు అరచేత పెట్టుకుని పారిపోయి వస్తుంటే, దారిలో ఏరు పొంగిందట. వెనక తరిమేవాళ్లు, ముందు నీళ్లు. అప్పుడు ఒడ్డునున్న పుంగమాను తనంతట తాను అవతలి దరికి వంగి మావాళ్లందరినీ దాటించిందట. అందుకని మావాళ్లెవరూ ఆ చెట్టు మీద కత్తి పెట్టరు. దాని పుల్ల పొయ్యిలో కూడా పెట్టరు. నేను మొదటిసారి మోకు భుజాన వేసుకున్న రోజున మా అమ్మ నన్ను ఒక పుంగమాను దగ్గరికి తీసుకెళ్లి, మొదలు మీద చెయ్యి వేయించి మాట తీసుకుంది.

కొమ్మలు కొట్టి బతికేవాడికి ఒక జాతి చెట్టు నిషిద్ధమైతే కొంత తంటాయే. ఎవరైనా తమ కానుగను కొట్టమంటే, పూత మీదుంది రాలాక చూద్దామనేవాణ్ణి. పూత లేకపోతే, ఈ నెలలో కత్తి తగిలితే చెట్టు ఎండుతుందనేవాణ్ణి. చెట్లు తెలిసినవాడు చెబితే కాదనేవారెవరు? అలా చిన్నచిన్నవి చెప్పి చెప్పి నా నాలుక బాగా నునుపెక్కింది.

కోవిల్‌పట్టి నుంచి పిలుపు వచ్చింది ఎండలు మండే వైకాసి నెలలో. ఆషాఢంలో వీచే ఆడి గాలులకు ఇంకా నెల పైన వ్యవధి ఉంది. ఆ నల్లరేగడి బయళ్లలో ఆడి గాలి ఎలా ఉంటుందో అక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. వాన చుక్క ఉండదు, రోజంతా దుమ్ము, గాలి. పిలిచినావిడ మిల్లులో నూలు చుట్టే పని చేసేది. క్రైస్తవులు, ఇంట్లో మా తెలుగే. భర్తకు తూత్తుకుడి రేవులో పని, నెలకొకసారి వచ్చి వెళ్లేవాడు. ఇంట్లో ఆమె, కాళ్లు పడిపోయిన వాళ్లమ్మ. ముసలావిడ నులకమంచం ముందు వసారాలో ఉండేది. అక్కణ్ణుంచి రోడ్డు, రోడ్డవతల రైలుకట్ట కనిపిస్తాయి. పొద్దున మిల్లుకు పోయేవాళ్లను, సాయంత్రం వచ్చేవాళ్లను కేకేసి పలకరించడం ఆవిడ పని. లోపలి గది చీకటి, ఉక్క. వసారా ఒక్కటే చల్లగా ఉండేది, ముంగిట్లో ఉన్న పెద్ద కానుగ పుణ్యాన.

నేను వంకకత్తి నడుముకు దోపుకుంటుంటే ముసలావిడ మంచం మీది నుంచి నన్ను ఎగాదిగా చూసింది.

"మానెక్కేవాడికి ఇంత బొజ్జ ఏంది నైనా? కొమ్మ నిన్ను మోస్తాదా, నువ్వు కొమ్మను మోస్తావా?"

మామ మొహం తిప్పుకుని నవ్వాడు. నాకప్పుడు బొజ్జ లేదు. కొంచెం ఉందేమో.

మమ్మల్ని పిలిచింది పెరట్లో వేపచెట్టు కోసం. దాని కొమ్మ పెంకులకు ఒరుసుకుంటోంది. మధ్యాహ్నంలోగా దాన్ని శుభ్రంగా దించాం. ఏ కొమ్మ ఎందుకు తీశానో, ఏది ఎందుకు ఉంచానో, వచ్చే ఏడు చిగురు ఎటు తిరుగుతుందో ఆమెను చెట్టు చుట్టూ తిప్పి వివరించాను. నాకది అలవాటు. వినేవాళ్లు దొరికితే వదిలేవాణ్ణి కాదు. ఆమె శ్రద్ధగా విని, ఆ తర్వాత మమ్మల్ని ముంగిట్లోకి తీసుకొచ్చింది.

"అన్నా, ఈ పుంగమాను కూడా కొంచం సూడండి. ఈ కొమ్మ మా అమ్మ మంచం మీదికే వాలుండాది. ఆడి గాలికి తట్టుకుంటాదా?"

కత్తి కింద వదిలేసి ఎక్కాను. చూడటానికి నిషేధం లేదు కదా. కొమ్మ నా నడుమంత లావు. మానులోంచి చీలే చోట పాత గాయం ఒకటి, దాని అంచున చెదమట్టి. పిడికిలితో కొట్టాను. డొల్లగా మోగింది. ఇంకో జానెడు ముందు కొట్టాను, అక్కడా అంతే. లోపల చేవంతా పోయింది, పైన బెరడు, దానికింద బొటనవేలంత మందం చెక్క మిగిలింది. ఆకులు మాత్రం పచ్చగా నవనవలాడుతున్నాయి. కింద వసారా కప్పు, ఆ కప్పు కింద మంచం.

దిగి వచ్చాను.

"గట్టిగానే ఉండాదమ్మా. బయం లేదు," అన్నాను.

ఆమె నన్ను చూసింది, కొమ్మను చూసింది, సరేనంది. మామ మోకు చుట్ట చుడుతున్నాడు. ఆ ఒక్కసారే ఆయన మోకుతో కూడా మాట్లాడలేదు.

తిరుగు రైల్లో సాత్తూరు దాటాక నోరు విప్పాడు.

"డొల్లగా మోగె కదా. కిందున్న నాకే వినపడె."

నేను కిటికీలోంచి చూస్తున్నాను.

"నువ్వు కత్తి పెట్టకపోతే పో. నాతో గాదు, ఇంకొకర్ని పిలుసుకోండి అని ఒక మాట సెప్పుంటే శరిపోయేది. మీవాళ్లు ఏరు దాటి ఎన్ని వందల ఏండ్లాయనో. ఆ యమ్మ ఇప్పుడు దాని కింద పడుకోనుండాది."

ఎందుకు చెప్పలేదు? చాలాసార్లు ఆలోచించాను. నేను కొట్టనంటే కోవిల్‌పట్టిలో నా పేరు పోతుందనిపించింది. మా కథ విని ఆ క్రైస్తవులావిడ నవ్వుకుంటుందేమోనని సిగ్గేసింది. ఇంకొకడు వస్తే మొదలంటా నరికి బండికెత్తుకుపోతాడని కూడా అనుకున్నాను. మూడోది నిజమే గాని, అది రైలెక్కాక వెతుక్కున్న కారణం. మీరు కూడా పనిలో ఏదైనా దాచినప్పుడు మంచి కారణం తర్వాతే దొరుకుతుంది, గమనించండి.

ఆడి వచ్చింది. విరుదునగర్‌లో వీధులన్నీ దుమ్ము. ఒక నూనె వ్యాపారి ఇంట్లో చింతచెట్టు పని ఒప్పుకుని, గాలికి ఎక్కలేక రెండు రోజులుగా దానికింద కూర్చున్నాం. మూడో రోజు పొద్దున్నే ఆ చింతకొమ్మే ఒకటి, మంచి చేవ ఉన్నది, మా కళ్లముందు ఫెళ్లున విరిగి గోడ మీద పడింది. చేవ ఉన్న చింతే విరిగితే ఆ డొల్ల కొమ్మ ఎంతసేపు నిలుస్తుంది? ముసలావిడ లేచి తప్పుకోలేదు. చద్దన్నం సహించలేదు. మామతో ఏదో చెప్పబోయాను. ఆయన అప్పటికే మోకు భుజాన వేసుకున్నాడు.

"పాసింజరుకు ఇంకా టయిము ఉండాది. దా," అన్నాడు.

కోవిల్‌పట్టిలో దిగి ఆ ఇంటికి నడిచే దారంతా తల వంచుకునే నడిచాను, కొంత దుమ్ముకు, కొంత భయానికి. రోడ్డు మలుపు తిరగగానే తెలిసిపోయింది. కానుగ తల ఒక వైపు ఖాళీగా ఉంది. కొమ్మ వసారా కప్పును నడిమికి విరిచి కూర్చుంది. పెంకులు చిందరవందర. వాటి మధ్య నులకమంచం కోడు ఒకటి పైకి లేచి ఉంది, పట్టె విరిగింది. ముంగిట్లో మనిషి జాడ లేదు. తలుపు మూసి ఉంది.

నేను గేటు దగ్గరే ఆగిపోయాను. చెట్ల మీది నుంచి రెండుసార్లు పడ్డాను, ఒకసారి పక్కటెముకలు విరిగాయి. అంత భయం వేసింది ఆ ఒక్కరోజే. మామ ముందుకెళ్లి తలుపు తట్టాడు.

ఆమె తలుపు తీసింది. వెనకాల చీకట్లోంచి ముసలావిడ గొంతు వినపడింది. నెల రోజులుగా తనను కోడిని గంప కింద మూసినట్టు మూసిపెట్టారని, తనకు రోడ్డు కావాలని, ఎవరొచ్చారో చెప్పి చావమని తిడుతోంది. నా జన్మలో అంత తియ్యని తిట్లు నేను వినలేదు. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేశాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. రాత్రి కొమ్మ పడిందని ఆ రోజు మిల్లుకు పోలేదట. తాగాక అడిగాను, అమ్మను లోపలికి ఎప్పుడు మార్చావని.

"మీరు పోయిన దినమే. మంచం లోపల పట్టలేదు."

"నేను బయం లేదని చెప్తిని కదమ్మా."

"చెప్తిరి. పెరట్లో వేపమాను గురించి అరగంట చెప్తిరి. ప్రతి కొమ్మనూ చేత్తో ముట్టి చూపిస్తిరి. దీని గురించి ఒక్క మాట. అదీ నేల చూసి." ఆమె గొంతులో కోపం లేదు, అదే నాకు ఇంకా కష్టమైంది. "మా మిల్లులో మేస్త్రీ కూడా మిషను బాగుండాదని ఒక్క మాటే చెప్తాడన్నా. అప్పుడు మేము చేతులు జాగ్రత్తగా పెట్టుకుంటాము."

"ఇంకొకర్ని పిలవకపోతివా?"

"పిలిస్తిని. వచ్చినోడు మొదలంటా తీసేస్తానన్నాడు. నీడ పోతే మా అమ్మ ఇంక బయటికే రాలేదు. కొమ్మ ఒక్కటే తీసేవాళ్లు ఎవురూ దొరకలేదు. మీరే మళ్లా వస్తారని చూస్తా ఉన్నాను."

అప్పుడు అంతా చెప్పాను. ఏరు పొంగడం, మాను వంగడం, మా అమ్మ తీసుకున్న మాట, నా సిగ్గు, డొల్ల చప్పుడు. అన్నేళ్లలో ఆ కథ పనిచేసే ఇంట్లో చెప్పడం అదే మొదలు. ఆమె నవ్వలేదు.

"మాకూ అట్లాంటివి ఉంటాయి అన్నా," అంది. "చెప్పుంటే నేనేమంటాను? మనిషి మాట మనిషి వినరా?"

కొమ్మ దానంతట అది విరిగింది కాబట్టి దానికి అడుగు గాటు లేదు. బెరడు మానుమీద నిలువెత్తు చీలి వేలాడుతోంది. విరిగిన మొండెం పళ్లు పళ్లుగా ఉంది. దాన్ని అలా వదిలేస్తే వానలకు నీళ్లు దిగి మానంతా కుళ్లుతుంది. పైగా ఒకవైపు బరువు పోయి, చెట్టు రెండో వైపుకు లాగుతోంది. అటు రెండు కొమ్మలు తీస్తేగాని నిలవదు. అది చెయ్యకపోతే మిగిలేది వాడెవడో చెప్పిన పనే, మొదలంటా నరకడం.

మామ పంచె ఎగ్గట్టాడు.

"నువ్వు మోకు పట్టు. నేనెక్కుతా."

యాభై దాటిన మనిషి, మోకాలు వంగదు, గాలి చెట్టును ఊపేస్తోంది. నాకోసం ఎక్కుతానన్నాడు. నేను ఆయన భుజం పట్టుకుని వెనక్కి లాగాను.

మొదలు మీద చెయ్యి వేశాను. మా అమ్మ వేయించినప్పుడు ఏం అనాలో ఆవిడే చెప్పింది. ఈసారి చెప్పేవాళ్లు లేరు. నిన్ను బతికించడానికే పెడుతున్నాను, తప్పైతే నాకే తగలనీ అనుకుని ఎక్కాను. కానుగ చెక్క లోపల పసుపు రంగులో ఉంటుందని అప్పుడే చూశాను. మొండేన్ని నునుపుగా కోశాను, చీలిన బెరడు అంచులు చెక్కాను, రెండో వైపు కొమ్మలు రెండూ మోకు మీద దించాను. ఏమీ జరగలేదు. కత్తి జారలేదు, కళ్లు తిరగలేదు. దానికి సంతోషించాలో, అన్నేళ్లు దాచుకున్నది ఇంతేనా అని బాధపడాలో తెలియలేదు. రెండూ కలిగాయి. ఇంటికొచ్చి చెబితే మా అమ్మ ఆడి పోయి ఆవణి నెల వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం రోజూ తనే వడ్డించింది.

గాయాలకు ఎర్రమన్నూ పేడా కలిపి మెత్తాం. పడ్డ కొమ్మను ముక్కలు చేసి పక్కకు తీశాం. మామ వసారా కప్పుకు వాసాలు కట్టి, బాగున్న పెంకులన్నీ ఏరి మళ్లీ కప్పాడు. చాలనిచోట తాటాకు వేశాం. పొరుగింటివాళ్లు ఒక మంచం ఇచ్చారు. అప్పటికి పొద్దు వాలుతోంది. ఆడి గాలికి అదే జోరుగా ఉండే వేళ. మిగిలిన కొమ్మలు హోరుమంటున్నాయి.

ఆమె మంచాన్ని వసారాలో పెట్టి, నా వైపు తిరిగింది.

"ఇప్పుడు మా అమ్మను ఇక్కడ పడుకోబెట్టవచ్చా అన్నా?"

సూటి ప్రశ్న. పెట్టవచ్చు. నా చేతులతో ప్రతి కొమ్మనూ కొట్టి చూశాను. కానీ గట్టిగా ఉంది అనే మాట ఆ ఇంట్లో నేనొకసారి వాడేశాను. అది మళ్లీ నోటికి రాలేదు.

"నన్ను అడగొద్దమ్మా," అన్నాను. "గాలి తగ్గేదాకా నేనే పడుకుంటాను."

పడుకున్నాను. పని దిగి వచ్చినవాడు ఆ పని కింద వెల్లకిలా పడుకోవడం వింతగా ఉంటుంది. మీకెప్పుడైనా వీలైతే పడుకుని చూడండి. కప్పు అంచు దాటి కొమ్మలు కనిపిస్తున్నాయి. ఒక్కొక్కటీ వంగినప్పుడల్లా మంచం పట్టె పట్టుకున్నాను. ముసలావిడ నెల రోజులు ఇలాగే పడుకునుండేదన్నమాట, నా మాట నమ్మి ఉంటే. మామ గుమ్మం పక్కన కూర్చుని మోకు ముళ్లు విప్పుతున్నాడు. ఆమె లోపల పొయ్యి రాజేస్తోంది. ఒక పెద్ద విసురుకు చెట్టంతా కప్పు మీదికి వంగి, మళ్లీ లేచింది. పెంకు కదల్లేదు.

ఎంతసేపయిందో, పక్కన ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. తల తిప్పి చూస్తే ముసలావిడ. ఎవరి సాయమూ అడగకుండా, కూర్చునే, అరచేతులు నేలకు ఆన్చి, గడప దాటి వసారాలోకి జరుగుతూ వస్తోంది. మంచం దగ్గరికొచ్చి ఆయాసం తీర్చుకుంది. ఆవిడ కూతురు గుమ్మంలో నిలబడి ఉంది గాని ఆపలేదు.

"లెయ్యి నైనా," అంది ముసలావిడ, నా మోచేతి మీద తట్టి. "నీ బొజ్జకు ఆ మంచం ఆగదు. మిల్లు విడిసే టయిమాయె. నన్నెక్కించు."

"గాలి ఇంకా తగ్గలేదవ్వా."

"గాలిని నేను సూడలేదా? ఎక్కించు."

నేను లేచాను. మామా నేనూ చెరో వైపు పట్టి ఆవిణ్ణి మంచం మీద పడుకోబెట్టాం. తలకింద దిండు సర్దబోతే నా చెయ్యి తోసేసింది. పైన కొమ్మలు ఊగుతూనే ఉన్నాయి. ఆవిడ వాటి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. రోడ్డు వైపు ఒత్తిగిల్లి, దుమ్ములోంచి నడిచొస్తున్న ఆడవాళ్లలో ఎవరినో గట్టిగా కేకేసి, ఇన్నాళ్లూ తనను చూడ్డానికి ఎందుకు రాలేదని నిలదీయడం మొదలుపెట్టింది.